తాగి బండి నడిపి దొరికితే జైలా, చికిత్సా? ఎవరికి ఏది సరిపోతుంది

తాగి బండి నడిపినవాళ్లను ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా ఒక పక్క ‘లోపల వేస్తేనే బుద్ధొస్తుంది’ అనేవాళ్లు, మరో పక్క ‘తాగుడు జబ్బు, వైద్యం చేయించాలి’ అనేవాళ్లు నిలబడతారు. రెండు వాదాల్లోనూ నిజం ఉంది. కానీ దొరికినవాళ్లంతా ఒకే రకం మనుషులు కారు. ఎప్పుడో ఒక విందులో తాగి, అంచనా తప్పి స్టీరింగ్ పట్టుకున్నవాడు ఒకడు. పొద్దున్నే చేతి వణుకు ఆగడానికి ఒక పెగ్గు వేసుకుని డ్యూటీకి బయల్దేరేవాడు ఇంకొకడు. ఇద్దరికీ ఒకే శిక్ష వేస్తే మొదటివాడికి అది ఎక్కువవుతుంది, రెండోవాడిని అది తాకనే తాకదు.

శిక్షల విధానం మీద ఆలోచించే అధికారులకు, రోడ్డు భద్రత కోసం పనిచేసే సంఘాలకు, అన్నిటికీ మించి ఇంట్లో ఒకరు ఇలా దొరికితే కోర్టును ఏం అడగాలో తెలియక సతమతమయ్యే కుటుంబాలకు పనికొచ్చేలా ఈ పోలిక రాస్తున్నాం. చట్టం దేశానికో రకంగా ఉంటుంది. మీ దగ్గర ఏ మార్గాలు ఉన్నాయో లాయరు చెబుతారు. వాటిలో ఏది ఎవరికి పనిచేస్తుందన్నదే ఇక్కడి విషయం.

## దేన్ని బట్టి పోల్చాలి

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఈ రాత్రి నుంచే రోడ్డు మీద ఉన్న జనానికి రక్షణ దొరుకుతోందా? చికిత్స ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. అతను ఆ నెలల్లో కూడా బండి నడుపుతుంటే ఆ ముప్పును ఎవరు ఆపుతున్నారు?

రెండోది, గడువు ముగిశాక పరిస్థితి. జైలు గోడైనా, లైసెన్స్ సస్పెన్షన్ అయినా, బండికి బిగించిన యంత్రమైనా ఏదో ఒక రోజు పోతుంది. ఆ మర్నాడు అతనిలో ఏం మారి ఉంటుందో చూడాలి.

మూడోది, తప్పు చేస్తే ఎంత త్వరగా తెలుస్తుందన్నది. శిక్ష ఎంత పెద్దదన్న దానికంటే ఎంత ఖాయంగా, ఎంత వెంటనే పడుతుందన్నదే మనిషిని ఆపుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1982 డిసెంబరులో ఎక్కడపడితే అక్కడ డ్రైవర్లను ఆపి ఊపిరి పరీక్ష చేయడం మొదలుపెట్టాక రోడ్డు మరణాలు బాగా తగ్గాయి. ‘దొరకను’ అన్న ధీమా పోవడమే అక్కడ పనిచేసింది. తొలిసారి దొరికినవారికి తప్పనిసరి జైలు పెట్టిన చోట్ల మాత్రం అలాంటి స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు.

ఇక బతుకుతెరువు, ఖర్చు, ఆ మార్గాన్ని నడిపించగల సిబ్బంది ఉన్నారా లేదా అన్నవి మిగిలిన కొలమానాలు. వీటిని తేలిగ్గా తీసేయకండి. ఉద్యోగం పోయినవాడు ఇంకా ఎక్కువ తాగుతాడు, చికిత్సకు కట్టే డబ్బూ ఉండదు.

## ముందు మనిషిని తేల్చుకోవాలి

ఈ అడుగు వదిలేసి ఏ మార్గం ఎంచుకున్నా అది చీకట్లో రాయి వేయడమే. తేల్చుకోవడానికి తొలి ఆధారం కేసు కాగితంలోనే ఉంటుంది: పట్టుబడినప్పుడు రక్తంలో లేదా ఊపిరిలో తేలిన అంకె, పట్టుబడిన సమయం, అప్పుడు అతని నడక, మాట ఎలా ఉన్నాయన్న నమోదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 200 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉండి కూడా తూలకుండా నడిచి, తడబడకుండా సమాధానం చెప్పాడంటే ఒంటికి మందు బాగా అలవాటైపోయిందని అర్థం. అలవాటు లేని మనిషి ఆ స్థాయిలో సరిగ్గా నిలబడలేడు. మధ్యాహ్నమో, పనికి వెళ్లే దారిలోనో పట్టుబడటం కూడా అలాంటి సూచనే. బ్రిటన్‌లో 200 మిల్లీగ్రాములు దాటినవారిని, పదేళ్లలో రెండోసారి దొరికినవారిని, నమూనా ఇవ్వడానికి నిరాకరించినవారిని ‘హై రిస్క్’ జాబితాలో పెట్టి, వైద్య పరీక్ష దాటితేగానీ లైసెన్స్ తిరిగి ఇవ్వరు. జర్మనీలో కిలో రక్తానికి 1.6 గ్రాములు, ఆపైన ఉంటే ఎంపీయూ అనే వైద్య, మానసిక పరీక్ష తప్పదు.

తర్వాతిది ప్రశ్నావళి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’లో 10 ప్రశ్నలు ఉంటాయి, మార్కులు 0 నుంచి 40 దాకా. 8, ఆపైన వస్తే తాగుడు హానికరమైన దారిలో ఉన్నట్టు. 16 నుంచి 19 మధ్య ఉంటే కౌన్సెలింగ్, పర్యవేక్షణ కావాలి. 20, ఆపైన వస్తే నిపుణుడైన వైద్యుడి దగ్గరికి పంపాలి. అయితే కేసులో ఉన్న మనిషి ‘ఎప్పుడో ఒకసారి, రెండు పెగ్గులు’ అనే చెబుతాడు. అందుకే నోటిమాట మీదే ఆధారపడకుండా భార్య లేదా భర్తతో విడిగా మాట్లాడాలి, రక్తపరీక్షలూ చేయించాలి. పీఈటీహెచ్ అనే రక్తపరీక్ష గత రెండు నుంచి నాలుగు వారాల తాగుడును పట్టిస్తుంది. మూత్రంలో చేసే ఈటీజీ పరీక్ష గడిచిన కొద్ది రోజుల సంగతి చెబుతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే దొరికినవాళ్లు సుమారుగా మూడు గుంపులుగా తేలతారు. అంచనా తప్పినవాళ్లు, ఎక్కువగా తాగుతూ ఉన్నా ఇంకా బానిసలు కానివాళ్లు, మందు లేకపోతే ఒళ్లు నిలవనివాళ్లు. కింద చెప్పేదంతా ఈ మూడు గుంపులను దృష్టిలో పెట్టుకునే.

## మార్గాలు ఒక్కొక్కటిగా

జరిమానా, జైలు. మొదటి గుంపుకు తరచుగా జరిమానా, కోర్టు మెట్లెక్కిన సిగ్గు చాలు. మళ్లీ ఆ పని చేయరు. మూడో గుంపుకు జైలు ఇచ్చేది కొన్నాళ్ల విరామం మాత్రమే. అందులోనూ ఒక ప్రమాదం ఉంది, దీన్ని కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. రోజూ విపరీతంగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఒళ్లంతా వణుకు, చెమటలు, జ్వరం, లేనివి కనిపించడం, మతి తప్పడం మొదలై ప్రాణం మీదకు రావచ్చు. దాన్ని మత్తు ఇంకా దిగలేదనో, వేషాలు వేస్తున్నాడనో కొట్టిపారేస్తే మనిషి పోతాడు. అరెస్టయిన వ్యక్తి రోజూ తాగేవాడైతే ఆ మాట మొదటి గంటలోనే పోలీసులకు, జైలు వైద్యుడికి రాతపూర్వకంగా ఇవ్వండి.

లైసెన్స్ సస్పెన్షన్. పట్టుబడ్డ వెంటనే లైసెన్స్ తీసేసుకోవడం మంచి అస్త్రమే, ఎందుకంటే అది వేగంగా పడుతుంది. లోపమేమిటంటే లైసెన్స్ లేకుండానే నడిపేవాళ్లు చాలామంది. తనిఖీలు లేని చోట అది కాగితం మీది శిక్షగానే మిగిలిపోతుంది. డ్రైవింగే ఉపాధి అయినవారికి మాత్రం ఇల్లు గడవనంత భారమవుతుంది.

అవగాహన తరగతులు. బ్రిటన్‌లో ఏడాది, అంతకుమించి నిషేధం పడినవారు కోర్టు సూచించిన తరగతులు పూర్తిచేస్తే నిషేధం పావు వంతు వరకు తగ్గుతుంది. మంచి తరగతి ఏం నేర్పుతుందో ఒక లెక్కతో చూడండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. అర్ధరాత్రి 150 ఉన్నవాడికి ఉదయం 6 గంటలకు ఇంకా 60 ఉంటుంది. నిద్రపోయి లేచాడు, స్నానం చేశాడు, కాఫీ తాగాడు, తేరుకున్నాననుకుంటాడు. కానీ పరిమితి 50 ఉన్న చోట అతను నేరస్థుడే. నిద్ర, చన్నీళ్లు, కాఫీ, ఇవేవీ ఆ వేగాన్ని పెంచలేవు. ఈ లెక్క మొదటి గుంపు మనసులో నాటుకుంటుంది. మూడో గుంపువాడికి ఇది కొత్త సంగతి కాదు, తెలిసినా ఆగలేకపోవడమే అతని జబ్బు. ప్రమాదాల్లో ఆప్తులను పోగొట్టుకున్నవారితో ముఖాముఖి సమావేశాలు కూడా కొన్ని దేశాల్లో పెడతారు. బాధితుల గోడు వినడం న్యాయమే, అయితే వాటి వల్ల మళ్లీ తాగి నడపడం తగ్గుతుందని అధ్యయనాల్లో రుజువు కాలేదు.

చికిత్స. పునరావాసం అని మనం పిలిచేదానికి గుండెకాయ ఇదే. మూడో గుంపుకు మొదట వైద్యుల పర్యవేక్షణలో మందు మాన్పించే దశ ఉంటుంది. సాధారణంగా 5 నుంచి 7 రోజులు, మోతాదు తగ్గిస్తూ ఇచ్చే బెంజోడయాజెపిన్ రకం ఉపశమన మాత్రలతో, థయమిన్ అనే బీ1 విటమిన్‌తో నడుస్తుంది. చాలా కుటుంబాలు ఇక్కడితో చికిత్స అయిపోయిందనుకుని ఇంటికి తీసుకెళ్లిపోతాయి. అసలు చికిత్స ఆ తర్వాతే మొదలవుతుంది. వారం వారం కౌన్సెలింగ్, అవసరమైతే తాగాలన్న తపనను తగ్గించే మాత్రలు, ఏడాదైనా వెంటపడి చూసుకోవడం ఉండాలి. ఈ మందుల్లో నాల్‌ట్రెక్సోన్ రోజుకు 50 మిల్లీగ్రాములు సాధారణ మోతాదు. కానీ ఓపియం జాతి నొప్పి మందులు వాడుతున్నవారికి అది ఇవ్వకూడదు. డైసల్ఫిరామ్ అనే మరో రకం మాత్ర వేసుకున్నవాడు తాగితే గుండెదడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం వస్తాయి. అందుకే కొన్ని ఇళ్లలో చేసినట్టు అతనికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టడం ప్రాణాంతకమైన పని. ఎవరు సలహా ఇచ్చినా చేయకండి.

చికిత్స ఎంత పనిచేస్తుంది? 1995లో ప్రచురితమైన ఒక పెద్ద విశ్లేషణ 215 అధ్యయనాలను కలిపి చూసి, తాగి నడిపినవారికి ఇచ్చిన చికిత్సా కార్యక్రమాల వల్ల మళ్లీ పట్టుబడటం, తాగుడు వల్ల జరిగే ప్రమాదాలు 7 నుంచి 9 శాతం తగ్గాయని తేల్చింది. అంకె చిన్నగా అనిపించవచ్చు. ఈ సగటులో అవసరం లేనివారికి ఇచ్చిన చికిత్స, అరకొరగా నడిచిన తరగతులు కూడా ఉన్నాయి. తరగతులు, కౌన్సెలింగ్, తర్వాతి పర్యవేక్షణ మూడూ కలిసినప్పుడు ఫలితం మెరుగ్గా ఉందని అదే విశ్లేషణ చెప్పింది. చికిత్స ఒక్కటే చాలనే వాదానికి మాత్రం ఇది మద్దతు ఇవ్వదు.

ఇగ్నిషన్ ఇంటర్‌లాక్. కారుకు బిగించే ఊపిరి పరీక్ష యంత్రం. ఊదితేనే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. సాధారణంగా 20 మిల్లీగ్రాముల దగ్గర ఆపేలా అమర్చుతారు. దారి మధ్యలో మళ్లీ ఊదమంటుంది. అప్పుడు ఊదకపోయినా, ఫెయిలైనా నడుస్తున్న ఇంజిన్‌ను ఆపదు, అది ప్రమాదం కాబట్టి. హారన్, లైట్లతో గోల చేసి లాగ్‌లో, అంటే యంత్రంలోని రికార్డులో నమోదు చేస్తుంది. 30 నుంచి 60 రోజులకోసారి సర్వీసుకు తీసుకెళ్తే కొలత సరిచూసి రికార్డు బయటికి తీస్తారు. నోరు పుక్కిలించే మౌత్‌వాష్ వల్ల కూడా ఫెయిల్ చూపిస్తుంది. నీళ్లతో పుక్కిలించి 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదితే నోట్లోని ఆవిరి పోతుంది, రక్తంలో ఉన్నది పోదు.

యంత్రం బిగించి ఉన్నంతకాలం మళ్లీ దొరకడం సుమారు మూడింట రెండు వంతులు తగ్గుతుంది. తీసేసిన తర్వాత ఆ లాభం దాదాపు ఆవిరైపోతుంది. ఇక్కడే దీన్ని చికిత్సతో కలపాల్సిన అవసరం తెలుస్తుంది. ఆ లాగ్ కౌన్సెలర్ చేతికి వెళితే అది అమూల్యమైన సాక్ష్యం. ఉదయం 7 గంటల ప్రాంతంలో పదేపదే ఫెయిల్ అవుతున్నవాడు రాత్రి ఎంత తాగుతున్నాడో చెప్పనక్కర్లేదు. అలాంటివారే యంత్రం తీశాక మళ్లీ దొరికే అవకాశం ఎక్కువ. స్వీడన్ 1999లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన పథకంలో రెండేళ్ల ఇంటర్‌లాక్‌తో పాటు క్రమం తప్పని వైద్య పరీక్షలు పెట్టింది. లాక్‌ను, వైద్యాన్ని జోడించిన ఆ పద్ధతే సరైనదని మా అభిప్రాయం. పరిమితులు: వేరే బండి తీసుకుని నడపవచ్చు, పక్కవాడితో ఊదించవచ్చు (కెమెరా ఉన్న యంత్రాలు దీన్ని పట్టిస్తాయి), ద్విచక్ర వాహనాలకు ఈ పద్ధతి సరిగ్గా కుదరదు.

రోజూ పరీక్ష, వెంటనే చిన్న శిక్ష. అమెరికాలోని సౌత్ డకోటా 2005లో ‘24/7 సోబ్రైటీ’ మొదలుపెట్టింది. పొద్దున, సాయంత్రం వచ్చి ఊదాలి. ఫెయిలైతే అక్కడికక్కడే ఒకటి రెండు రోజులు లాకప్. నెలల తరబడి జైలు ఉండదు, తప్పించుకోవడమూ ఉండదు. దీన్ని అమలు చేసిన కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) రెండోసారి తాగి నడిపిన కేసుల్లో అరెస్టులు 12 శాతం, గృహహింస అరెస్టులు 9 శాతం తగ్గాయని 2013లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఇంట్లో దెబ్బలు తగ్గడం చిన్న ఫలితం కాదు. బండి దగ్గరే ఆగకుండా తాగుడునే నిలదీసింది కాబట్టి ఇల్లు కూడా బాగుపడింది. రోజుకు రెండుసార్లు రాలేనివారికి చీలమండకు కట్టే పట్టీ ఉంది, చెమట ద్వారా ఆల్కహాల్‌ను పసిగడుతుంది. ఒక హెచ్చరిక: మందు లేకపోతే ఒళ్లు నిలవనివాడిని మాన్పించే దశ దాటించకుండా ఇందులో పెట్టకూడదు.

ప్రత్యేక కోర్టు. అమెరికాలో 1995లో న్యూ మెక్సికోలో మొదలైన డీడబ్ల్యూఐ (తాగి నడిపిన కేసుల) కోర్టుల్లో జడ్జి, ప్రాసిక్యూటర్, డిఫెన్స్ లాయరు, కౌన్సెలర్, పర్యవేక్షణాధికారి కలిసి ఒకే మనిషిని ఏడాదికి పైగా చూసుకుంటారు. రెండు మూడుసార్లు దొరికినవారికి ఉన్నవాటిలో లోతైన మార్గం ఇదే. సిబ్బంది, సమయం ఎక్కువ పడతాయి కాబట్టి తొలిసారి దొరికినవారితో ఈ కోర్టులను నింపడం వృథా.

| మార్గం | అమల్లో ఉండగా | ముగిశాక | తాగుడు మీద ప్రభావం | ఎవరికి |
|---|---|---|---|---|
| జైలు | పూర్తి రక్షణ | దాదాపు ఏమీ మిగలదు | లేదు | ప్రాణనష్టం, గాయాలు జరిగిన కేసులు |
| లైసెన్స్ సస్పెన్షన్ | తనిఖీలుంటే బాగుంటుంది | తక్కువ | లేదు | అందరికీ, తొలి అడుగుగా |
| తరగతులు | స్వల్పం | మొదటి గుంపులో నిలుస్తుంది | స్వల్పం | అంచనా తప్పినవారు |
| చికిత్స ఒక్కటే | మొదటి నెలల్లో ముప్పు మిగిలే ఉంటుంది | నిలిచే అవకాశం ఉంది | నేరుగా | మరో అడ్డుకట్టతో కలిపితేనే |
| ఇంటర్‌లాక్ ఒక్కటే | చాలా బలంగా | ఆవిరైపోతుంది | తక్కువ | రెండో గుంపు, కారున్నవారు |
| రోజువారీ పరీక్ష | బలంగా | కొంత నిలుస్తుంది | నేరుగా | మళ్లీ మళ్లీ దొరికినవారు |
| ప్రత్యేక కోర్టు | బలంగా | నిలిచే అవకాశం ఎక్కువ | నేరుగా | రెండో, మూడో కేసువారు |

## మీరు ఎవరైతే ఏం ఎంచుకోవాలి

ఇంట్లోవాళ్లైతే: ‘శిక్ష తగ్గించండి’ అని ఊరికే అడిగితే జడ్జి చేతిలో ఏమీ ఉండదు. ఆడిట్ మార్కులు, వైద్యుడి నివేదిక, చికిత్సా కేంద్రంలో ప్రవేశం ఖరారైన తేదీ, బండికి ఇంటర్‌లాక్ లేదా తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందన్న హామీ, పరీక్షల నివేదిక ప్రతి నెలా కోర్టుకు అందే ఏర్పాటు, ఇవన్నీ ఒక ప్రణాళికగా రాసి లాయరు ద్వారా పెట్టండి. కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు నాలుగు సంగతులు అడగండి: మాన్పించే దశలో రాత్రిపూట వైద్యుడు ఉంటాడా, డిశ్చార్జి తర్వాత ఎన్ని నెలలు ఫాలో-అప్, కుటుంబానికి కౌన్సెలింగ్ ఉందా, మనిషిని కట్టేయడం, కొట్టడం లాంటివి జరుగుతాయా. ‘21 రోజుల్లో శాశ్వతంగా మాన్పిస్తాం’ అనే చోట చేర్చకండి.

దొరికినవారు మీరే అయితే: ఆడిట్ ప్రశ్నలకు నిజం చెప్పండి. తప్పు జవాబు ఇస్తే మీకు సరిపడని తరగతిలో కూర్చోబెడతారు, ఏడాది తిరిగేసరికి రెండో కేసు. ఆ రెండో కేసులో ఒక ప్రాణం కూడా ఉండొచ్చు.

విధానం రూపొందించేవారైతే: పునరావాసానికి పంపినంత మాత్రాన కేసు రికార్డు నుంచి మాయం కాకూడదు. చికిత్స పూర్తిచేశాడని మొదటి కేసు చెరిపేస్తే, అతను రెండోసారి దొరికినప్పుడు ‘తొలి నేరం’గా మళ్లీ సులువైన దారిలోకే వస్తాడు. ఇది పునరావాస పథకాలను తరచుగా దెబ్బతీసిన లోపం. కావాలంటే శిక్షను వాయిదా వేయండి, కేసు రికార్డును మాత్రం నిలబెట్టండి.

మళ్లీ తాగినప్పుడు ఏం చేయాలన్నది కూడా ముందే రాసి పెట్టాలి. చికిత్సలో ఉన్నవారిలో చాలామంది మధ్యలో ఒకసారైనా తాగుతారు. చికిత్సా కార్యక్రమంలో ఉండగా తాగి, బండి ఎక్కకుండా ఇంట్లోనే ఉండిపోయి కౌన్సెలర్‌కు చెప్పుకున్నవాడిని జైలుకు పంపితే మిగతావాళ్లంతా దాచడం నేర్చుకుంటారు. అతనికి చికిత్స మోతాదు పెంచాలి. తాగి బండి ఎక్కినవాడి సంగతి పూర్తిగా వేరు. అక్కడ శిక్ష ఆ రోజే పడాలి, మినహాయింపు ఉండకూడదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టిన పథకం ఏదో ఒక వైపు ఒరిగిపోతుంది.

ప్రాణం పోయిన కేసుల్లో, ఎవరైనా వికలాంగులైన కేసుల్లో చికిత్సను శిక్షకు బదులుగా పెట్టడాన్ని మేం సమర్థించం. చికిత్స ఇవ్వాలి, జైల్లో ఉండగానే ఇవ్వాలి. పోయినవారి కుటుంబానికి కోర్టు బాకీ పడింది వేరే ఉంది.

## మందు కాక మాత్రలు, మాదకద్రవ్యాలైతే

పైన చెప్పిన యంత్రాలన్నీ ఆల్కహాల్‌నే పసిగడతాయి. గంజాయి, నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు వేసుకున్నవాడు ఇంటర్‌లాక్‌లో ఊదితే బండి చక్కగా స్టార్ట్ అవుతుంది. గంజాయి రోజూ తాగేవారి మూత్రంలో వారాల తరబడి కనిపిస్తుంది కాబట్టి ఆ పరీక్ష ‘వాడాడు’ అని చెబుతుంది గానీ ‘ఆ సమయంలో మత్తులో ఉన్నాడు’ అని చెప్పదు. వైద్యుడు రాసిన మాత్రల వల్ల దొరికినవారికి డీ-అడిక్షన్ కంటే ముందు మందుల చీటీని మళ్లీ చూడటం అవసరం. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర మర్నాడు ఉదయం కూడా డ్రైవింగ్‌ను దెబ్బతీస్తోందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో మహిళలకు సిఫారసు మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. మోతాదో, మందో మారిస్తే సమస్య తీరిపోయే మనుషులు వీళ్లు.

## వనరులు తక్కువైతే ఏ వరుసలో మొదలుపెట్టాలి

అన్నీ ఒకేసారి పెట్టలేని చోట మొదట తనిఖీలు పెంచి, పట్టుబడ్డ వెంటనే లైసెన్స్ నిలిపేయండి. రెండో అడుగుగా దొరికిన ప్రతి ఒక్కరికీ ఆడిట్, పీఈటీహెచ్ పరీక్షలు చేసి మూడు గుంపులుగా విడదీయండి. దీనికి శిక్షణ పొందిన ఒక కౌన్సెలరు, ఒక ల్యాబు చాలు. మూడో అడుగు, రెండోసారి దొరికినవారికి రోజూ రెండు పూటలా ఊపిరి పరీక్ష. పోలీస్ స్టేషన్‌లో ఉన్న బ్రీత్ అనలైజరుతోనే చేయొచ్చు, కాకపోతే నిర్ణీత గడువుకోసారి కొలత సరిచూసి ఆ తేదీ రిజిస్టరులో రాయాలి. లేకపోతే మొదటి సవాలుకే కోర్టులో కేసు వీగిపోతుంది. నాలుగో అడుగు, మూడో గుంపుకు ఆసుపత్రిలో మాన్పించే మంచాలు. అవి ఏర్పాటయ్యే వరకు వాళ్లను రోజువారీ పరీక్షలోకి పంపకండి. ఇంటర్‌లాక్, ప్రత్యేక కోర్టు ఈ నాలుగూ కుదురుకున్న తర్వాత.